గురి మారిన జంటగొట్టాలు

కార్తీకం వచ్చిందంటే జువ్వలదిన్నెకు చుట్టాలు దిగుతారు. బస్సుల్లో కాదు... రెక్కల మీద! నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని ఈ తీరగ్రామానికి ముందు బంగాళాఖాతం, వెనక బకింగ్‌హాం కాలువ. చుట్టూ ఉప్పునీటి మడుగులు, రొయ్యల చెరువులు. చలికాలం పొడవునా ఆ బురదలో ఉల్లంకులు పరుగులు తీస్తుంటాయి. మడుగుల్లో బాతులు గుంపులుగా వాలతాయి. చాలామందికి అదో కనువిందు. కానీ ఒకప్పుడు ఇదే దృశ్యం కొందరి చేతులకు దురద పుట్టించేది. అటక మీంచి తుపాకీ దిగేది.

అలాంటి ఇల్లొకటి ఊహించుకోండి. తాతకు 72 ఏళ్లు. పంట కాపలా కోసమని ఎప్పుడో లైసెన్సు తీసుకున్న 12 బోరు జంటగొట్టాల తుపాకీ ఉంది. మనవరాలికి 23. హైదరాబాద్‌లో ఉద్యోగం. స్నేహితులతో కలిసి ఓ ఆదివారం షూటింగ్ రేంజికి వెళ్లి, గాల్లో ఎగిరే బిళ్లల్ని కొట్టే స్కీట్ ఆట చూసింది. అంతే, మనసు పారేసుకుంది. సంక్రాంతికి ఇంటికొచ్చి 'నాకో ఓవర్ అండర్ తుపాకీ కావాలి తాతా' అంది. ఓవర్ అండర్ అంటే రెండు గొట్టాలూ పక్కపక్కన కాకుండా ఒకదానిపై ఒకటి ఉండేది.

తాత నవ్వాడు. 'లక్షలు పోసి కొత్తది ఎందుకు పాపా? నాది ఉందిగా. ఉల్లంకిని కొట్టిన తుపాకీ ఉత్త బిళ్లను కొట్టలేదా?'

ప్రశ్న బాగుంది. సమాధానమే అంత తేలిక కాదు. ఎందుకంటే అందులో కొంత తుపాకీ సంగతి, కొంత చట్టం సంగతి, ఇంకొంత కాలం సంగతి ఉన్నాయి.

పిట్టలే నేర్పిన ఆట

తాత మాటలో ఓ నిజముంది. స్కీట్ పుట్టిందే పిట్టల వేట నుంచి. 1920 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, యాండోవర్ ఊళ్లో కొందరు వేటగాళ్లు ఉండేవారు. వేటకాలం కానప్పుడు చేతివాటం పోకుండా ఉండాలని గుండ్రంగా ఓ గీత గీసుకున్నారు. గడియారంలో అంకెల్లా దానిచుట్టూ నిలబడి, యంత్రం విసిరే మట్టిబిళ్లల్ని కొట్టేవారు. ఇంతలో పక్క స్థలంలో కోళ్లఫారం వెలిసింది. ఆ వైపు కాల్చడం కుదరదు. అప్పుడేం చేశారు? గుండ్రాన్ని సగానికి కోసేసి, అవతలి కొసన రెండో యంత్రం పెట్టారు. ఈనాటి స్కీట్ మైదానం అర్ధచంద్రాకారంలో ఉండటానికి కారణం ఆ కోళ్లే! 1926లో ఆటకు పేరు పెట్టమని పోటీ పెడితే స్కాండినేవియా భాషలో 'కాల్చు' అనే అర్థమొచ్చే మాట నుంచి పుట్టిన 'స్కీట్' గెలిచింది.

అంతకుముందు సంగతి ఇంకా ఘోరం. 1900 ప్యారిస్ ఒలింపిక్స్‌లో బతికున్న పావురాలనే వదిలి కాల్చారు. దాదాపు 300 పావురాలు నేలరాలాయి. ఆ రక్తం, ఆ ఈకలు చూశాక మళ్లీ ఒలింపిక్స్‌లో ఆ పోటీ పెట్టలేదు. పావురం పోయింది కానీ పేరు పోలేదు. ఇంగ్లిష్‌లో ఇప్పటికీ ఆ బిళ్లను 'క్లే పీజియన్'... అంటే మట్టి పావురం అనే పిలుస్తారు. నిజానికి ఇప్పుడందులో మట్టి కూడా లేదు. సున్నపురాయి పొడి, తారులాంటి పదార్థం కలిపి పోత పోస్తారు. 11 సెంటీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు.

పిట్టకూ తుపాకీకీ ఉన్న చుట్టరికం మాటల్లోనూ మిగిలింది. దాక్కుని గురిచూసి కొట్టేవాణ్ని 'స్నైపర్' అంటాం కదా... ఆ మాట 18వ శతాబ్దంలో మన దేశంలోని తెల్లదొరల నోట పుట్టింది. స్నైప్ అంటే ఉల్లంకి. వంకరటింకరగా ఎగిరే ఆ పిట్టను కొట్టగలిగినవాడే అసలైన గురికాడని లెక్క. జువ్వలదిన్నె బురదలో తోక ఊపుకుంటూ తిరిగే పిట్టల బంధువులకు ప్రపంచ సైన్యాల నిఘంటువులో చోటు దక్కిందన్నమాట.

ఇక్కడ పిట్ట జోలికి పోతే...

బయటి దేశాల్లో తుపాకీ కొనేవాళ్లు 'అడవికీ మైదానానికీ రెంటికీ పనికొచ్చేది ఏది?' అని అడుగుతారు. అక్కడ కాలాన్నిబట్టి, పక్షినిబట్టి వేటకు అనుమతులిస్తారు. మన దగ్గర ఆ ప్రశ్నలో సగం ఎప్పుడో చెరిగిపోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకు, పక్షులకు లైసెన్సు మీద వేట సాగేది. 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుంది. 2022 సవరణ శిక్షల్ని ఇంకా బిగించింది. మొదటి షెడ్యూలులోని ప్రాణిని చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. చట్టం దృష్టిలో వేటంటే తుపాకీ పేల్చడమే కాదు. వల పన్నడం, ఉచ్చు వేయడం, గుడ్లు పగలగొట్టడం, గూడు చెదరగొట్టడం... అన్నీ వేటే.

ఇక్కడ చాలామందికి ఓ అపోహ ఉంది. తుపాకీకి లైసెన్సుంటే పిట్టను కొట్టడానికీ లైసెన్సున్నట్టే అనుకుంటారు. రెండూ వేరు. తుపాకీ లైసెన్సు ఆయుధాల చట్టం కింద వచ్చేది. అది తుపాకీ దగ్గరుంచుకోవడానికి అనుమతి, అంతే! రొయ్యల చెరువు మీద నీటికాకులు వాలి నష్టం చేస్తున్నాయని పంట కాపలా తుపాకీ ఎక్కుపెడితే రైతు రెండు చట్టాల కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది. చెరువుపై వలలు కప్పడం, తాళ్లకు మెరుపు రిబ్బన్లు కట్టడం ఖర్చే. కానీ కోర్టు ఖర్చు కంటే తక్కువ.

చట్టం భయం ఒక్కటే కాదు, తీరం వెంట దక్షిణానికి వెళ్తే ఇంకో పాఠం కనిపిస్తుంది. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు కడతాయి. 1976లో అది పక్షుల రక్షిత కేంద్రమైంది. పక్షుల రెట్టతో కలిసిన చెరువునీరు పొలానికి ఎరువని అక్కడి రైతుల నమ్మకం. అందుకే ఆ పిట్టల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకున్నారు. ఆ పక్కనే పులికాట్. అక్కడి రాజహంసల్ని చూడ్డానికి జనం పండగ చేసుకుని మరీ వస్తారు. ఒకప్పుడు తుపాకీ పట్టిన తీరమే ఇప్పుడు బైనాక్యులర్ పట్టింది.

నిజానికి ఒకప్పుడు పక్షుల్ని చదవాలన్నా తుపాకీయే దిక్కు. 19వ శతాబ్దంలో నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ మన పక్షిశాస్త్రానికి పెద్ద పునాది వేశాడు. ఆ రోజుల్లో పిట్టను కొట్టి, చర్మం ఒలిచి, గడ్డి కూరి దాస్తేనే దాని వివరం రాసుకునే వీలు. ఆయన పేరు పెట్టుకున్న కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఈసారి ఆచూకీ చెప్పింది తుపాకీ కాదు, ఆ అడవిని ఎరిగిన స్థానికుడి చేతిలోని టార్చిలైటు!

కాబట్టి తాతా మనవరాళ్ల లెక్కలోంచి పిట్టను తీసేయాలి. మిగిలింది బిళ్ల. ఇప్పుడు అసలు ప్రశ్న... బిళ్లకు ఏ తుపాకీ?

మోసే తుపాకీ, పేల్చే తుపాకీ

వేటగాడు పొద్దున్నే బయలుదేరి మైళ్లకొద్దీ నడుస్తాడు. తుపాకీ భుజాన మోసేది నాలుగు గంటలు, పేల్చేది నాలుగైదు తూటాలు. అందుకే వేట తుపాకీ తేలిగ్గా, మూడు కిలోల అటూఇటూగా ఉండాలి. స్కీట్ క్రీడాకారిణి నడిచేది పదడుగులు. కానీ పెద్ద పోటీలో అర్హత పోరు మొత్తానికి 125 బిళ్లలు కొట్టాలి. సాధన రోజుల్లో ఇంకా ఎక్కువ. ప్రతి తూటాకూ భుజం మీద ఓ గుద్దు. తేలిక తుపాకీ గట్టిగా తంతుంది, బరువైనది మెల్లగా నెడుతుంది. అందుకని స్కీట్‌కు మూడున్నర కిలోలు దాటిన తుపాకీ కోరుకుంటారు. బరువుంటే ఇంకో లాభం... ఒకసారి తిప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆగిపోదు, బిళ్ల వెంట సాఫీగా సాగుతుంది.

తాత తుపాకీ తేలిక. పది ఉల్లంకులకు అది వరం. 125 బిళ్లలకు అది శిక్ష. నిబంధనలు ఆ తుపాకీని వద్దనవు, భుజమే వద్దంటుంది.

పక్కనా? పైనా?

పక్కపక్క గొట్టాల తుపాకీలో కంటి ముందు వెడల్పాటి ఇనుము కనిపిస్తుంది. ఓవర్ అండర్‌లో ఒకే గొట్టం, దానిమీద సన్నటి పట్టీ. చూపు సూటిగా పోతుంది. రెండో లాభం కింది గొట్టంలో ఉంది. ముందుగా పేలేది సాధారణంగా అదే. అది భుజానికి దగ్గర ఎత్తులో ఉండటంవల్ల దెబ్బ నేరుగా వెనక్కి వస్తుంది, మూతి పెద్దగా పైకి లేవదు. స్కీట్‌లో జంట బిళ్లలు ఒకేసారి ఎగురుతాయి. మొదటిది పగిలిన మరుక్షణం రెండోదానికి తిరగాలి. మూతి లేచిందంటే ఆ క్షణం పోయినట్టే.

ఈ నమూనా పాతదే. లండన్‌లోని బాస్ కంపెనీ 1909లోనే పేరున్న ఓవర్ అండర్ చేసింది. కాకపోతే అది ధనవంతుల సరుకు. సామాన్యుడికి అందేలా చేయాలని అమెరికా ఆయుధశిల్పి జాన్ బ్రౌనింగ్ తన చివరి రోజుల్లో దీనిమీదే కూర్చున్నాడు. 1926లో బెల్జియంలో పనిచేస్తుండగానే కన్నుమూశాడు. ఆ తుపాకీ 1931లో బజారుకొచ్చింది. ఇప్పుడు స్కీట్ మైదానంలో ఎక్కువగా కనిపించేవి ఇటలీలోని బ్రెషా ప్రాంతపు తుపాకులు. 1526 నుంచీ లెక్కలున్న బెరెట్టా, 1957లో మొదలైన పెరాజీ అక్కడివే.

భద్రత మాటకొస్తే విరిచే తుపాకీ మంచి స్నేహితుడు. నడుము దగ్గర విరిచి పట్టుకుంటే రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో పదిమందికీ కనిపిస్తుంది. అందుకే రేంజిలో నడిచేటప్పుడు విరిచే నడవాలన్నది మొదటి పాఠం.

12 బోరు అంటే?

అరకిలోకు కాస్త తక్కువ ఉండే ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. అదే సీసంతో 20 గుండ్లు పోస్తే 20 బోరు. అంటే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. స్కీట్‌కు దాదాపు అందరూ వాడేది 12 బోరే.

అంతర్జాతీయ పోటీల్లో తూటాలో 24 గ్రాములకు మించి గుండ్లు ఉండకూడదు. ఆవగింజను తలపించే ఆ చిన్న గుండ్లు ఒక్క తూటాలో నాలుగైదు వందలుంటాయి. అవన్నీ ఒకేచోటికి పోవు, చీపురు కట్టలా విచ్చుకుంటాయి. ఎంత త్వరగా విచ్చుకోవాలో నిర్ణయించేది గొట్టం మూతి దగ్గరి ఇరుకు. దాన్నే చోక్ అంటారు. తోటలో నీళ్లు పట్టే పైపు కొసను వేలితో నొక్కితే ధార దూరం పోతుంది, వదిలేస్తే దగ్గరే విరజిమ్ముతుంది. అలాగన్నమాట. దూరపు బాతుకు ఇరుకు చోక్ కావాలి. స్కీట్‌లో బిళ్ల 20 మీటర్ల దూరంలోనే పగలాలి కాబట్టి రెండు గొట్టాలకూ విశాలమైన చోక్ కావాలి. తాత కాలం తుపాకుల్లో చోక్ గొట్టంలోనే చెక్కేసి ఉంటుంది, మార్చలేం. పైగా రెండోది బాగా ఇరుకు. దాంతో దగ్గరి బిళ్లను కొడితే ముక్కలు కాదు, పొడి అవుతుంది... తగిలితే! తగలడమే కష్టం, ఎందుకంటే గుండ్ల గుంపు గుప్పెడంతే ఉంటుంది. కొత్తవాటిలో మరతో బిగించి మార్చుకునే చోక్‌లుంటాయి. మొదటి తుపాకీ కొనేవారికి అవే మేలు.

గొట్టం పొడవు స్కీట్‌కు 28 నుంచి 30 అంగుళాలు అందరికీ నప్పుతుంది. పొడుగుచేతులవారు 32 వరకూ వెళ్తారు.

చొక్కా కొలతలే ముఖ్యం

ఇంతా చెప్పుకొన్నాక అసలు రహస్యం వేరే ఉంది. రైఫిల్‌కు ముందొకటి, వెనకొకటి గురి గుర్తులుంటాయి. షాట్‌గన్‌కు వెనక గుర్తు లేదు. ఆ వెనక గుర్తు... మన కన్నే! తుపాకీ మడమ మీద చెంప ఆనించినప్పుడు కన్ను ఎక్కడ నిలుస్తుందో గుండ్లు అక్కడికే పోతాయి. మడమ అరంగుళం ఎక్కువ పల్లంగా ఉంటే కన్ను కిందికి దిగి, ముందరి పట్టీ కనిపించకుండా పోతుంది. ఎత్తుగా ఉంటే గుండ్లు బిళ్ల పైనుంచి పోతాయి. అంటే తుపాకీ కొనడం టీవీ కొన్నట్టు కాదు, చొక్కా కుట్టించుకున్నట్టు. ఎంత పేరున్న కంపెనీదైనా కొలత కుదరకపోతే దండగే.

స్కీట్‌లో ఈ కొలతకు ఇంకో పరీక్ష ఉంది. 'వదులు' అని కేకేశాక బిళ్ల వెంటనే రావచ్చు, మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. అది కనిపించేదాకా తుపాకీ మడమ నడుము దగ్గరే ఉండాలి. కనిపించాక ఎత్తి, భుజాన ఆనించి, తిప్పి, పేల్చాలి. మడమ పొడవు ఎక్కువైతే చంక దగ్గర చొక్కాకు తట్టుకుంటుంది. తాత తుపాకీ ఆయన ఒడ్డూపొడుగుకు సరిపోయింది. మనవరాలు ఐదడుగుల రెండంగుళాలు. ఆమె దాన్ని ఎత్తేలోపే బిళ్ల వెళ్లిపోతుంది.

కొనేముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. దీనికి తుపాకీ అక్కర్లేదు. రెండు కళ్లూ తెరిచి, దూరంగా ఉన్న తలుపు గొళ్లేనికి చూపుడువేలు గురిపెట్టండి. ఇప్పుడు ఎడమకన్ను మూయండి. వేలు గొళ్లెం మీదే ఉంటే మీది కుడికన్ను పెత్తనం. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తే ఎడమకన్ను పెత్తనం. కుడిచేతివాటం మనిషికి ఎడమకన్ను పెత్తనమైతే గురి తప్పుతూనే ఉంటుంది. అలాంటివారు ఏ భుజం నుంచి కాల్చాలన్నది శిక్షకుడితో ముందే తేల్చుకోవాలి. తుపాకీ కొన్నాక తెలిస్తే లక్షలు నీళ్లపాలు.

అటక మీది ప్రమాదం

పాత తుపాకీ వాడాలనుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది తూటా గది పొడవు. అనేక పాత ఇంగ్లిష్ తుపాకుల్లో అది 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు ఎక్కువగా 70 మిల్లీమీటర్లవి. చిత్రమేమిటంటే కొత్త తూటా పాత గదిలో సులువుగానే దూరుతుంది. పేలినప్పుడు మూతి విప్పుకోవడానికి చోటు లేక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. ఇనుప, ఉక్కు తీగలు మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలైతే ఇంకా ప్రమాదం. అవి నల్లమందు రోజులవి, ఇప్పటి తూటా బలానికి తట్టుకోకపోవచ్చు. నిపుణుడికి చూపించకుండా పేల్చకూడదు.

ఇంకో ప్రమాదం... 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గొట్టంలో వేస్తే అది ముందుకు జారి మధ్యలో ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనక ఇంకోటి పెట్టి పేలిస్తే గొట్టమే బద్దలవుతుంది. అందుకే 20 బోరు తూటాలకు పసుపు రంగు వేయడం ఆనవాయితీ అయింది. రెండు రకాల తూటాలు ఒకే సంచిలో ఉంచకూడదన్నది ఇందుకే.

తాత ఇవ్వొచ్చా?

'సరే, ఉంచుకో పాపా' అని తాత తుపాకీ చేతికిచ్చి హైదరాబాద్ పంపితే? నేరం. లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. అయితే దారి ఉంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా దగ్గరున్నా తాను కోరిన వారసుడికి దక్కేలా దరఖాస్తు చేయొచ్చు. ఆ వారసుడు అర్హుడై, సొంతంగా లైసెన్సు పొందాలి. సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. చాలా ఇళ్లలో పెద్దాయన పోయాక తుపాకీ అటక మీదే మర్చిపోతారు. అది అక్రమ ఆయుధం కింద లెక్క. పెద్దవాళ్లుండగానే ఆ కాగితం పని పూర్తిచేస్తే పిల్లలకు తలనొప్పి తప్పుతుంది. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పెళ్లిలో సరదాకు గాల్లోకి పేల్చినా జైలే అని చెప్పింది కూడా ఆ సవరణే.

మరి కొత్త ఓవర్ అండర్? మనవరాలు దుకాణానికి వెళ్లి ఇటలీ తుపాకీ తెమ్మంటే రాదు. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు లైసెన్సుదారుకు వీల్లేదు. పోటీల్లో నిర్ణీత స్థాయి చేరి గుర్తింపు పొందిన క్రీడాకారులకే నిబంధనల మేరకు ఆ వెసులుబాటు. వినడానికి అడ్డంకిలా ఉన్నా ఇదొక రకంగా మంచిదే. ముందు క్లబ్బులో చేరాలి. క్లబ్ తుపాకీతో, శిక్షకుడి ఎదుట నేర్చుకోవాలి. తన ఒంటికి ఎంత పొడవు, ఎంత బరువు నప్పుతుందో ఆ వందల తూటాలే చెబుతాయి. ఆ తర్వాతే కొనుగోలు. తొందరపడి ముందే కొన్నవాళ్లు రెండోసారి కొంటారు!

ఆమెకు హైదరాబాద్ దూరం కాదు. 2002 జాతీయ క్రీడల కోసం సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో షూటింగ్ రేంజి కట్టారు. హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ ఇదే కుటుంబంలోని ట్రాప్ ఆటలో 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ అమ్మాయి రశ్మి రాథోడ్ 2018 ఆసియా క్రీడల స్కీట్‌లో దేశం తరఫున నిలబడింది. ఇది మగవాళ్ల ఆటేమోనని సందేహించే ఇళ్లకు ఓ ముచ్చట. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ ఆడ, మగ కలిసి ఆడే పోటీ. చైనా అమ్మాయి ఝాంగ్ షాన్ అందరినీ దాటి స్వర్ణం కొట్టేసింది.

ఆటలో ఒక్క బిళ్ల విలువెంతో 2024 ప్యారిస్‌లో తెలిసింది. మిక్స్‌డ్ స్కీట్ కాంస్య పోరులో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా చైనా జంట చేతిలో 43-44తో ఓడారు. ఒకే ఒక్క బిళ్ల!

సీసం బాకీ

బిళ్ల అయితే పాపం లేదా అంటే, ఓ చిన్న బాకీ ఉంది. తూటాల్లో సీసం నేలమీద పడుతుంది. నీటిపక్షులు ఇసుక రేణువులనుకుని ఆ గుండ్లు మింగి, విషమెక్కి చస్తాయి. అందుకే అమెరికా 1991 నాటికి నీటిపక్షుల వేటలో సీసాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023 నుంచి చిత్తడి నేలల్లో సీసపు తూటా వద్దంది. మడుగు పక్కన సరదాకు బిళ్లలు ఎగరేసి కొట్టుకుందామనుకునే కుర్రాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లైసెన్సున్న రేంజిలోనే ఆడటం చట్టానికే కాదు, పిట్టకూ మంచిది.

తాత ఇవ్వగలిగింది

అయితే తాత దగ్గర మనవరాలికి పనికొచ్చేది ఏమీ లేదా? ఉంది. అది అటక మీద లేదు, ఆయన తలలో ఉంది.

ఎగిరే పిట్ట మీద గురిపెడితే తగలదని ఆయనకు తెలుసు. గుండ్లు చేరేలోపు అది ముందుకు పోతుంది. పిట్ట ఉన్నచోటికి కాదు, ఉండబోయే చోటికి కొట్టాలి. స్కీట్‌లోనూ అదే లెక్క. మైదానం మధ్యలో నిలబడితే బిళ్లకు మీటరుకు పైగా ముందు కొట్టాలి. పేల్చాక తుపాకీ ఆపకూడదు, తిప్పుతూనే ఉండాలి. గాలి సముద్రం నుంచి వీస్తే ఏం చేయాలి, కన్ను దేనిమీద ఉంచాలి, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలి... యాభై ఏళ్ల చలికాలాలు నేర్పిన పాఠాలు ఏ ఇటలీ తుపాకీతోనూ పెట్టెలో పెట్టి రావు.

కొనాల్సిన జాబితా ఇప్పుడు చిన్నదైంది. 12 బోరు, 28 లేదా 30 అంగుళాల గొట్టాలు, మూడున్నర కిలోలు దాటిన బరువు, మార్చుకునే చోక్‌లు, ఆమె చెంపకూ భుజానికీ కుదిరిన మడమ. కానీ అది ఏడాది తర్వాతి మాట. ఈ ఏడాది కొనాల్సింది క్లబ్ సభ్యత్వం, చెవులకు రక్షణ, కళ్లకు అద్దాలు. ఇంకా మిగిలితే... ఒక బైనాక్యులర్.

దాన్ని మాత్రం జువ్వలదిన్నెలోనే వదిలేసి రావాలి. పొద్దున్నే మడుగు గట్టున కూర్చుని తాత దాన్ని కంటికి ఆనించుకోవచ్చు. దుబ్బుల్లోంచి లేచిన ఉల్లంకి వంకరటింకరగా పైకి లేస్తే ఆయన వేలు అలవాటుగా మీట కోసం వెతుక్కుంటుంది. దొరకదు. పిట్ట మాత్రం కాలువ దాటి వెళ్లి, అవతలి బురదలో మళ్లీ వాలుతుంది.